మూడో రోజు కోడి

స్టోర్ కీపరుగారు రిటైరై ఇంటికొచ్చిన నాలుగో రోజున ఫ్రిజ్‌ని స్వాధీనం చేసుకున్నారు.

అంతకుముందు మూడు రోజులూ ఆయన హాల్లో కుర్చీలో కూర్చోవడం, కిటికీలోంచి వీధిలోకి చూడటం, లేవడం, మళ్ళీ కూర్చోవడం, ఇదే పని. ఆయన భార్య టైలరమ్మ. ముందుగదిలోనే కొట్టు. మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా ఆయన లోపల్నుంచి "ఏమైంది?" అని అడిగేవారు. దారం తెగితే ఆ సంగతి మొగుడికి చెప్పుకోవలసి రావడం ఆవిడకి పెళ్ళయినప్పటి నుంచీ లేదు. అందుకని నాలుగో రోజు ఆయన ఫ్రిజ్ తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, "ఇదేమిటి, ఇలా ఉంది?" అన్నప్పుడు ఆవిడకి నెత్తిన పాలు పోసినట్టయింది. "అయితే మీరే ఒక దారికి తీసుకురండి" అనేసింది. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

ముప్ఫయ్యొక్కేళ్ళు యంత్రాల విడిభాగాల ఫ్యాక్టరీలో స్టోర్సు చూసిన మనిషాయన. బోల్టు అయినా బేరింగు అయినా ఆయనకి ఒకటే సూత్రం: ముందొచ్చింది ముందు పోవాలి. కొత్త సరుకు వచ్చిందని పాతది వెనక్కి నెట్టేస్తే, అది ఆ మూలనే తుప్పు పట్టి చస్తుంది. ఈ సూత్రాన్ని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. ప్రతి గిన్నె మీదా తేదీ రాసిన చీటీ. సరుకు ఎడమవైపు నుంచి లోపలికి వెళ్ళాలి, కుడివైపు నుంచి బయటికి రావాలి. మధ్యలోంచి ఎవరూ ఏదీ లాగకూడదు.

వినడానికి బాగానే ఉంది. కానీ బోల్టుకీ బీన్సు కూరకీ కాస్త తేడా ఉంది కదా. మంగళవారం వండిన బీన్సు కొంచెం ఎక్కువైంది. బుధవారం టైలరమ్మ బంగాళాదుంపలు వేయించి బల్ల మీద పెట్టబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు, మంగళవారంది ఉంది" అన్నారు. అది తినేసరికి కడుపులు నిండాయి. బంగాళాదుంపలు చీటీ అంటించుకుని లోపలికి వెళ్ళాయి. గురువారం అవి బయటికొచ్చాయి, గురువారం కూర లోపలికి పోయింది. ఇలా నెల గడిచేసరికి ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలుగుతోంది, రోజూ వంట అవుతోంది, రోజూ నిన్నటిదే తింటున్నారు. "ఒక్కరోజు నేను వండటం మానేస్తే ఈ గొడవ వదిలిపోతుంది కదండీ" అని ఆవిడ అడిగి చూసింది. "మరి రేపటికి స్టాకేదీ?" అన్నారాయన, ఇల్లు కాలిపోతోందని విన్నవాడిలా ముఖం పెట్టి.

ఆవిడ ఓర్చుకుంది. నిజం చెప్పాలంటే, చీటీలు రాసుకునేటప్పుడు ఆయన ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది. చల్లారిన కూర తింటే మనిషి బాగుపడుతున్నాడంటే తినవచ్చు అనుకుంది. కానీ పండగ పూట మాత్రం ఈ ఆట సాగనివ్వకూడదని ముందే గట్టిగా తీర్మానించుకుంది.

దానికో కారణం ఉంది. ఏడాది చివర పండగకి ఫ్యాక్టరీ మూడు రోజులు మూసేస్తారు. అందరికీ సెలవులే, ఒక్క స్టోర్ కీపరుకి తప్ప. యంత్రాలు ఆగినప్పుడే సరుకంతా లెక్కపెట్టడం కుదురుతుంది. కాబట్టి పండగనాడు పొద్దున్నే వెళ్ళిన ఆయన మూడో రోజు మధ్యాహ్నం మూడు గంటలకి, గోళ్ళ నిండా గ్రీజుతో ఇంటికొచ్చేవారు. ముప్ఫయ్యొక్క పండగలు అలాగే. ఈలోగా ఇంట్లో టైలరమ్మ అక్కా, అక్క పిల్లలూ, అయినవాళ్ళూ అందరూ వచ్చి, ఓవెన్‌లోంచి దించిన కోళ్ళను వేడివేడిగా తిని, వేళ్ళు నాక్కుని, డబ్బాల్లో మూటకట్టుకుని వెళ్ళిపోయేవారు. మొగుడి వంతుకి ఓ రెక్కా, మెడా, ఎముకలకి అంటుకున్న నాలుగు పీచులూ, ట్రే అడుగున మాడిన రెండు దుంపలూ మిగిలేవి. ఆవిడ ఆ పీచులన్నీ గోళ్ళతో వలిచి, కంచం ఖాళీగా కనిపించకుండా ఉల్లిపాయలు సన్నగా తరిగి వేసి, పెనం మీద వేయించి పెట్టేది. కాలు ముక్క ఏదని ఆయన ఏనాడూ అడగలేదు. తల వంచుకుని తినేవారు. ఆవిడ మాత్రం ఏటా ఆ మూడో రోజు మధ్యాహ్నం ఆయన ముఖం వంక చూడలేక గోడవంక చూసేది. ఊరందరికీ విందు, ఇంటి మనిషికి ఎంగిలి మెతుకులు. ఈ మాట ఆవిడ లోలోపల ముప్ఫయ్యొక్క సార్లు అనుకుంది.

ఇప్పుడు ఆయన ఇంట్లో ఉన్నారు. ఈ పండగకి మొట్టమొదటి కాలు ముక్క, పొగలు కక్కుతుండగా, ఆయన కంచంలో పడాలి. ఆయన తినాలి. తిని, బాగుందని ఒక్క మాట అనాలి. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు.

ఆదివారమే రెండు కోళ్ళు కొని తెచ్చింది. ఆయన వాటి కవర్లకి చీటీలంటించి డీప్ ఫ్రీజర్‌లో పెట్టించారు. గురువారం దించి మంచు కరగనిచ్చింది. శుక్రవారం పండగ. తెల్లవారగానే కొట్టు తలుపుకి 'సెలవు' బోర్డు తగిలించి, వెన్నా మిరియాలూ కలిపి కోళ్ళకి దట్టంగా పట్టించింది. పొట్టలో రొట్టె ముక్కలు, వేయించిన ఉల్లి, ఎండుద్రాక్ష కూరి, వృత్తి ధర్మం ప్రకారం నాలుగు కుట్లు వేసి మూసింది. ఆ కుట్లు ఎంత నీటుగా ఉన్నాయంటే, కోడికి మళ్ళీ ప్రాణం వస్తే ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి నడిచి వెళ్ళవచ్చు.

మధ్యాహ్నానికి అక్క వచ్చింది. టైలరమ్మ కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడు కారు నడపడం నేర్పే స్కూల్లో మాస్టారు. పాపం, మెతక మనిషి. రోజంతా కొత్తవాళ్ళ పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే అలవాటు వల్ల, ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, కింద అతని కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కుతుంది.

అందరూ బల్ల చుట్టూ చేరారు. టైలరమ్మ ఓవెన్‌లోంచి మొదటి కోడిని దించి తెచ్చి మధ్యలో పెట్టింది. చర్మం ఎర్రగా, బుడగలు బుడగలుగా, ఇంకా చిటపటమంటోంది. అక్క అప్పుడే కంచం ముందుకు జరిపింది.

సరిగ్గా అప్పుడు స్టోర్ కీపరుగారు ఫ్రిజ్ దగ్గర్నుంచి రెండు గిన్నెలతో వచ్చారు.

"బుధవారం బీన్సు, నిన్న తినగా కాస్త మిగిలింది. గురువారం గుమ్మడికాయ సూపు" అన్నారు. "ముందు ఇవి కానిద్దాం."

అక్క గిన్నెల్లోకి తొంగిచూసింది.

"మరిదిగారూ, నేను రెండు బస్సులు మారి వచ్చానండీ" అంది అక్క.

"తప్పకుండా తిందురుగాని వదినగారూ, కోడి ఎక్కడికీ పోదు. ఇవి పోయాక అదే. వరస తప్పితే మళ్ళీ దారికి రాదు."

"నాన్నా, ఇది పండగ" అంది కూతురు.

"పండగయితే బీన్సు పాడవదా?"

అల్లుడి కాలు బల్ల కింద బ్రేకు తొక్కింది. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. కోడి మీద పొగ పలచబడుతోంది. గొంతు పెంచితే ఈ మనిషి మొండికేస్తాడని ఆవిడకి తెలుసు. వాదించి గెలిచినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలోనే లేరు. కాబట్టి ఆవిడ కొలతల టేపు మెళ్ళో వేసుకున్నప్పటి గొంతు తెచ్చుకుంది. కస్టమర్లతో మాట్లాడే గొంతు అది.

"వరస ప్రకారమే కానివ్వండి. ముందొచ్చింది ముందు పోవాలి, అంతే కదా?"

"అంతే."

"బీన్సు ఎప్పుడొచ్చింది?"

"చీటీ ఉందిగా. బుధవారమే కొన్నావు, బుధవారమే వండావు."

"కోడి?"

"ఇవాళ. ఇప్పుడేగా దించావు."

"ఇవాళ వండాను. ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? అమ్మలూ, వంటింట్లో చెత్తబుట్టలో కోడి కవరుంది, పట్రా."

కూతురు పరుగున వెళ్ళి, మడతలు పడ్డ కవరు రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చింది. దాని మీద స్టోర్ కీపరుగారి దస్తూరీ, గుండ్రంగా, ఎవరూ కాదనలేనట్టు: ఆదివారం.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. కవరు చూశారు. బీన్సు చూశారు. కోడిని చూశారు. సరుకు రూపం మారితే తేదీ మారుతుందా మారదా? ఇనప కడ్డీగా వచ్చినదాన్ని కోసి మేకులు చేస్తే వాటి వయసు ఎప్పటి నుంచి? ముప్ఫయ్యొక్కేళ్ళ అనుభవం ఆయన ముఖం మీద అటూ ఇటూ నడిచింది. అక్క కంచం ఇంకాస్త ముందుకు జరిపింది.

"సరుకు గేటు లోపలికొచ్చిన రోజే లెక్క" అన్నారు చివరికి. "కోడే పాతది. తప్పు నాది." గిన్నెలు రెండూ పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తిరిగి వెళ్ళిపోయారు. అంత నిజాయితీపరుడితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో అంత తేలిక కూడా.

టైలరమ్మ మొదటి కాలు విరిచింది. ఆవిరి గుప్పుమంది. అక్క కంచాన్ని దాటించి, కూతుర్ని దాటించి, ఆయన కంచంలో వేసింది. తను కూర్చోకుండా కుర్చీ వెనక నిలబడింది.

ఆయన ఒక ముక్క తుంపి తిన్నారు. ఇంకో ముక్క తిన్నారు. నమిలారు. కాస్త ఆలోచించారు. తర్వాత కాలు ముక్కను సగానికి సగం అలాగే కంచంలో పక్కకి జరిపి, చెయ్యి తుడుచుకున్నారు.

"మీరంతా తినండి" అన్నారు, చాలా మర్యాదగా. "వదినగారికి పెట్టు."

అక్క మొహమాటపడలేదు. ఆవిడా, కూతురూ, అల్లుడూ కలిసి గంటలో ఒక కోడిని ఎముకల పోగు చేశారు. అల్లుడు మూడుసార్లు బాగుందన్నాడు. అక్క రెండో కోడిలో సగం డబ్బాలో సర్దించుకుంది. వెళుతూ వెళుతూ చెల్లెలి చెవిలో, "మీ ఆయనకి నీ వంట వెగటేసినట్టుందే. మా ఆయన బతికున్నన్నాళ్ళూ కంచంలో మెతుకు వదలలేదు" అని, పుండు మీద కారం చల్లి మరీ బస్సెక్కింది.

టైలరమ్మ ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఏడ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన కంచంలో ఏదైనా వదిలెయ్యడం ఆవిడ చూడలేదు. ఉప్పెక్కువైన రోజు తిన్నారు, మాడిన రోజు తిన్నారు, ఉప్పే మర్చిపోయిన రోజు కూడా తిన్నారు. ముప్ఫయ్యొక్కేళ్ళు ఎదురుచూసి పెట్టిన ముక్క మాత్రం పక్కకి జరిపారు. నా చేతి వంట ఇంతకాలం ఆకలికి తిన్నాడన్నమాట, రుచికి కాదు అనుకుంది.

శనివారం మిగిలిన కోడిని రొట్టె ముక్కల మధ్య పెట్టి ఇచ్చింది. ఆయన ఒకటి తిని, చాలన్నారు. ఎముకలు మరిగించి సూపు చేసింది. అరగిన్నె తాగి లేచారు. ఆదివారం పొద్దున్న ఏమీ వద్దన్నారు. పైగా ఈ మనిషి హుషారుగా ఉన్నారు. ఈల కూడా వేస్తున్నారు. ఆవిడకి అదింకా మండింది. తిండి నచ్చకపోతే నచ్చలేదని చెప్పాలి, ఈలెందుకు? ఆవిడ మాటలు తగ్గించేసింది. ఆయన గమనించలేదు. అదీ మండింది.

ఆదివారం మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఆవిడ వంక చూశారు.

"ఏం కావాలి?" అంది టైలరమ్మ, స్పాంజీతో పొయ్యి తుడుస్తూ.

"నాదేదీ?"

"మీదేమిటి?"

"నా కోడి."

"ఫ్రిజ్‌లో ఉన్నదంతా మీదే. చీటీలంటించింది మీరేగా."

"అది చుట్టాలకి చేసిందిలే. నాకు విడిగా చేస్తావు చూడు, అది. పీచులు పీచులుగా తీసి, ఉల్లిపాయలేసి, అంచులు కరకరలాడేట్టు. ఏటా చేస్తావు కదా మూడో రోజున. శుక్రవారం నుంచీ కడుపు ఖాళీ పెట్టుకుని కూర్చున్నాను."

టైలరమ్మ చేతిలో స్పాంజి ఆగిపోయింది.

"మొన్న నా కంచంలో ఆ కాలు ముక్క వేశావు చూడు" అన్నారాయన, గొంతు తగ్గించి, "అప్పుడు కాస్త భయమేసింది. రిటైరయ్యాను కదా, ఇంక నాకంటూ విడిగా చెయ్యవేమో, నేనూ అందరిలో ఒకణ్ణేనేమో అని. మీ అక్క ముందు అడగలేను కదా. మూడో రోజు దాకా చూద్దామని ఊరుకున్నాను."

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెంటికీ సింకు వైపు తిరగాల్సి వచ్చింది. ఈయనగారు ముప్ఫయ్యొక్కేళ్ళుగా ఏమనుకుంటున్నారన్నమాట? ఊరందరికీ మామూలు కోడి, తనకి మాత్రం తన పెళ్ళాం చేతి ప్రత్యేకమైన వంటకం. ఆవిడేమో మొగుడికి మిగిలినవి పెడుతున్నానని ఏటా గోడవంక చూస్తూ కుమిలిపోయింది. చెప్పెయ్యాలా? ఏమని చెప్పాలి? అది మీ వదినగారు వదిలేసిన మెడ అనా? ఆ ఉతికిన చొక్కా చూశాక ఆ మాట నోటి దాకా రాలేదు.

"ఇవతలికి జరగండి, ఫ్రిజ్ తియ్యాలి" అంది.

"శుక్రవారందే తీస్తున్నావా?"

"దీనికి శుక్రవారందే కావాలి. రెండు రోజులు ఊరితేగాని ఆ రుచి రాదు. అప్పటికప్పుడు చేస్తే అది చుట్టాల కోడే అవుతుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా. నిన్నటిది తింటే తప్పు లేదని నేను నెల రోజుల నుంచీ చెబుతున్నదీ అదే."

"అది కోడికే వర్తిస్తుంది. బీన్సుకి కాదు" అంది టైలరమ్మ. "రేపటి నుంచి బీన్సు దించిన పూటే తినాలి. లేకపోతే వచ్చే ఏడాది ఈ కోడి ఉండదు."

స్టోర్ కీపరుగారు ఒక్క క్షణం ఆలోచించి, తల ఊపారు.

ఆవిడ పీచులు వలిచింది. ఈసారి వెతుక్కోవలసిన పని లేదు, మాంసం కావలసినంత ఉంది. ఉల్లిపాయలు తరిగి పెనం మీద పడేసింది, కోడితోపాటే ఫ్రిజ్‌లో దాచిన ట్రే అడుగు గీకి ఆ జిగురంతా కలిపింది, మంట పెంచి అంచులు ఎర్రబడేదాకా కదపకుండా వదిలేసింది. చేతులకి దారి తెలుసు. ఎన్నేళ్ళు చేసినా ఒక్కసారీ నోట్లో వేసుకోలేదు. ఎప్పుడూ ఒక మనిషికే బొటాబొటీగా ఉండేది. పైగా మూడు రోజులు కోడి వాసన పీల్చి పీల్చి ఆవిడకి దాని మీద మనసు పోయేది కాదు. ఇప్పుడు ఉప్పు చూద్దామని గరిటెతో కొంచెం తీసి నాలుక మీద వేసుకుంది.

బాగుంది. మామూలుగా బాగుండటం కాదు. మిరియం, వెన్న, మాడిన ఉల్లి, ఎండుద్రాక్ష తీపి అన్నీ ఒకదాన్నొకటి ఎరిగి కలిసిపోయాయి. బల్ల మీద పొగలు కక్కిన కోడి దీని ముందు దిగదుడుపే. ఇంకో గరిటె తీసుకుంది. ముప్ఫయ్యొక్కేళ్ళు ఆ ఇంట్లో అన్నిటికన్నా మంచి తిండిని, రుచైనా చూడకుండా, సిగ్గుపడుతూ వడ్డించిందన్నమాట. వేళ్ళు నాక్కుంటూ వెళ్ళిన చుట్టాలందరి మీదా ఆవిడకి ఉన్నట్టుండి జాలేసింది.

రెండు కంచాల్లో పెట్టింది. ఆయన పక్కనే ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నారు. "స్టోర్సులో నట్లు లెక్కపెడుతూ మూడు రోజులూ దీన్నే తలుచుకునేవాణ్ణి" అన్నారు. "బయట ఊరంతా పండగ చేసుకుంటోందంటే, చేసుకోనీ, నాకు ఇంటి దగ్గర ఇది ఉంది అనుకునేవాణ్ణి. అంత బాగుంటుంది."

ఆవిడ కోరుకున్నది ఒక్క మాట. ఇన్ని మాటలు వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక, తన కంచంలోది సగం తీసి ఆయన కంచంలో వేసింది. ఆయన దాన్ని తిరిగి ఆవిడ కంచంలో వేశారు. ఇద్దరూ కంచాలు ఖాళీ చేశారు.

రొట్టె ముక్కతో పెనం తుడుస్తూ ఆయన అన్నారు: "వచ్చే పండగకి వదినగారికి కూడా ఇది కొంచెం రుచి చూపిద్దామా? పాపం, రెండు బస్సులు మారి వస్తుంది."

"వద్దండీ" అంది టైలరమ్మ, పెనం తనవైపు లాక్కుని. "అక్కకి వేడివేడిగానే పెడదాం. చుట్టాలకి అది చాలు."